కవరులో ఎంతుందో అడగకూడని పని

డిసెంబరు వచ్చిందంటే గుంటూరులో కీబోర్డు వాయించేవాళ్ల కంటి మీద కునుకుండదు. క్రిస్మస్ 25న వస్తుంది గానీ, పండక్కి ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్ ఒకటో తారీఖు నుంచే మొదలైపోతుంది. ఆఫీసుల్లో, కాలేజీల్లో, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, వీధి మలుపుల్లో షామియానాల కింద. నాకు తెలిసిన కుర్రాడొకడు మధ్యాహ్నం మంగళగిరిలో ఒకటి, చీకటి పడ్డాక విజయవాడ పటమటలో ఇంకొకటి ముగించుకుని, రాత్రికి మళ్లీ వారధి దాటి గుంటూరు కొత్తపేట చేరతాడు. బైకు వెనక కీబోర్డు, చెవులకు మఫ్లరు. ప్రతిచోటా ఆఖరి ప్రార్థన అయ్యాక కేకు ముక్కతో పాటు ఒక తెల్ల కవరు చేతిలో పెడతారు. ‘ప్రేమ కానుక బ్రదర్, కాదనకండి’ అంటారు. అక్కడే విప్పి చూడటం మర్యాద కాదు. ఎంతిస్తారని ముందే అడగడం అసలే కాదు. ఇంటికెళ్లి విప్పితే ఒక కవరులో పెట్రోలు పోను నాలుగు రాళ్లు మిగులుతాయి, ఇంకో కవరు పెట్రోలుకే చాలదు. ఒక ఏడాది ఒక కవరులో కొత్త సంవత్సరం వాగ్దాన వచనం కార్డు మాత్రమే ఉంది. ‘వచనం మంచిదేలే అన్నా’ అన్నాడు నవ్వుతూ.

గాస్పెల్, అంటే క్రైస్తవ భక్తి పాటల గాయకుల బతుకు అర్థం కావాలంటే ఆ కవరు దగ్గరే మొదలుపెట్టాలి. బయటివాళ్లకు కనపడేది కోటి వ్యూస్ దాటిన పాట, ఎల్‌ఈడీ తెర ముందు తెల్ల చొక్కా, అమెరికా టూరు ఫ్లెక్సీ. లోపల సంగతి వేరు. ఒకే పాటను ఒక్కొక్కరు ఒక్కో పేరుతో పిలుస్తారు. సంఘం, అంటే చర్చి, దాన్ని సేవ అంటుంది. చట్టం ఆస్తి అంటుంది. యూట్యూబ్ కంటెంట్ అంటుంది. పాడేవాడి ఇంట్లోవాళ్లు ‘ఇంకా ఉద్యోగం చూసుకోవా’ అంటారు. ఈ పేర్ల మధ్య ఎక్కడో డబ్బు జారిపోతుంది, హక్కు చేతులు మారిపోతుంది. నా మాట ముందే చెప్పేస్తాను. డబ్బు ఊసు ఎత్తకపోవడమే భక్తి అని మనవాళ్లలో చాలామంది నమ్మకం. ఆ భక్తికయ్యే ఖర్చు మాత్రం ఎప్పుడూ వేదిక మీద అందరికంటే చిన్నవాడి జేబులోంచే పోతోంది.

అసలు బోధ, కొసరు పాట

ఈ అలవాటు నిన్న మొన్నటిది కాదు. గుంటూరుకు లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ వచ్చింది 1842 జులై 31న. ఇక్కడి ఆంధ్ర క్రిస్టియన్ (ఏసీ) కాలేజీ, కుగ్లర్ ఆసుపత్రి ఆ పని వేసిన కొమ్మలే. దొరల దేశం నుంచి కొన్ని పాటలు కూడా వచ్చాయి గానీ, జనం నోట నిలిచినవి మాత్రం ఇక్కడి బాణీలే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే చాలా కీర్తనల నెత్తిన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803-1890) లాంటి కవులు రాసిన కీర్తనల్ని అక్షరం ముక్క రాని ముసలమ్మలు కూడా పుస్తకం చూడకుండా పాడేవాళ్లు. ఇప్పటికీ పాడతారు.

అయితే ఆనాటి రచయితల్లో చాలామంది బోధకులు. వాళ్లకు బతుకుతెరువు బోధ వల్ల. పాట దాని మీద కొసరు. అసలుకు డబ్బిస్తాం గానీ కొసరుకు ఎవరిస్తారు? మిషన్ కాలం పోయినా, మిషన్ జీతాలు పోయినా, పాట కొసరే అన్న లెక్క మాత్రం పోలేదు. ఆ మధ్య వైఎస్ జగన్ ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం మొదలుపెట్టింది. ఆ జాబితాలో పాస్టరు ఉన్నాడు. పక్కన ముప్ఫై ఏళ్లుగా హార్మోనియం వాయిస్తున్నాయన లేడు. లేకపోవడం ఎవరికీ వింతగా కూడా అనిపించలేదు, ఆయనతో సహా.

క్యాసెట్ల కాలంలో ఇంకో తమాషా జరిగింది. అయ్యగారు, అంటే పాస్టరు, పాటలు రాసేవారు, అప్పో సొప్పో చేసి డబ్బు కూడగట్టేవారు, మద్రాసు వెళ్లి సినిమా గాయకుల చేత పాడించేవారు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పాడిన క్రైస్తవ భక్తిగీతాలు తక్కువేమీ కాదు. మన సత్తెనపల్లిలో పుట్టిన మనో కూడా పాడారు. వాళ్లకు పారితోషికం ముందే మాట్లాడుకుని ఇచ్చేవాళ్లు, ఇవ్వాలి కూడా. అక్కడ ప్రేమ కానుక అన్న మాట ఎవరికీ గుర్తుకు రాలేదు. అదే పాటను ఊరికొచ్చాక సభల్లో వారం వారం పాడే మన సంఘం పిల్లవాడికి మాత్రం కవరు. ఒకే పాట, ఒకే దేవుడు, రెండు లెక్కలు. బయటివాడు చేస్తే పని, మనవాడు చేస్తే పరిచర్య.

అమెరికాలో ఈ గొడవ ముందే జరిగింది. గాస్పెల్ అన్న మాటకు సంగీతంగా ఒక రూపం ఇచ్చినవాడని థామస్ డోర్సీకి పేరు. ఆయన అంతకుముందు జార్జియా టామ్ పేరుతో బ్లూస్ పియానో వాయించినవాడు. ఆయన పాటలు మొదట్లో చాలా చర్చిల్లో అడుగు పెట్టనివ్వలేదు, క్లబ్బు వాసన వస్తోందని. మన దగ్గర ‘సినిమా పాటలా ఉందండీ’ అని పెద్దలు ముక్కు విరిచినట్టే. డోర్సీ 1930ల మొదట్లో షికాగోలో సొంత ప్రచురణ సంస్థ పెట్టుకుని, తన పాటల స్వరపత్రాలు తనే అచ్చువేసి అమ్ముకున్నాడు. పాటలో భక్తి ఉంటే, పాట అచ్చువేసిన కాగితానికి ధర కూడా ఉండొచ్చని ఆయనకు అనుమానం రాలేదు.

పాట ఎవరిది?

ఒక ఉదాహరణ అనుకుందాం. అయ్యగారు నాలుగు చరణాలు రాశారు. పల్లవి తనకు తోచినట్టు కూనిరాగంగా తీసి కీబోర్డు కుర్రాడికి వినిపించారు. వాడు దాన్ని ఒక స్కేల్లో కూర్చోబెట్టి, చరణాలకు ట్యూన్ కట్టి, మధ్య బిట్లు వేసి, ట్రాక్ తయారుచేశాడు. సంఘంలో పాడే ఒక చెల్లి గొంతిచ్చింది. ఖర్చు సంఘం కానుకల్లోంచి వచ్చింది. పాట అయ్యగారి ఛానెల్లో వచ్చింది. కింద రచన, స్వరకల్పన, నిర్మాణం మూడింటికీ ఆయన పేరే ఉంది. ఇప్పుడు ఈ పాట ఎవరిది?

సంఘంలో అడిగితే ‘దేవునిది’ అంటారు. దాంతో ఎవరికీ పేచీ లేదు. కానీ దేవుడికి బ్యాంకు ఖాతా లేదు గనక, డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

1957 నాటి కాపీరైట్ చట్టం ఈ ఒక్క పాటనే మూడు ముక్కలుగా చూస్తుంది. సాహిత్యం ఒకటి, దానికి కర్త రాసినవాడు. సంగీతం ఇంకొకటి, దానికి కర్త ట్యూన్ కట్టినవాడు. రికార్డింగ్ మూడోది, దానికి కర్త నిర్మాత, అంటే పూనుకుని బాధ్యత నెత్తినేసుకుని చేయించినవాడు. ఈ మూడూ కాక పాడినవాళ్లకు ప్రదర్శకుల హక్కు అని విడిగా ఉంది, అది 50 ఏళ్లు నడుస్తుంది. సాహిత్యం, సంగీతం మీద హక్కు కర్త బతికినంత కాలం, పోయాక ఇంకో 60 ఏళ్లు. అందుకే చౌదరి కీర్తనల్ని ఇవాళ ఎవరైనా ఎవరినీ అడక్కుండా రికార్డు చేసుకోవచ్చు. నిన్న వచ్చిన పాటకు ఆ వీలు లేదు.

కాబట్టి మన ఉదాహరణలో సాహిత్యం అయ్యగారిదే. రికార్డింగ్ సంఘానిదా, అయ్యగారిదా అన్నది డబ్బు ఎవరి పేర ఖర్చయింది, పని ఎవరు నడిపారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ కూడా చాలాచోట్ల గీత చెరిగిపోయి ఉంటుంది. అసలు ముడి మాత్రం ట్యూన్ దగ్గర. మనవాళ్లు ‘మ్యూజిక్’ అన్న ఒక్క మాటలో ట్యూన్ కట్టడం, ట్రాక్ చేయడం రెండూ కలిపేస్తారు. చట్టానికి ఇవి వేరువేరు. అరేంజ్‌మెంట్ అంటే ఉన్న ట్యూన్ మీద చేసిన కూర్పు, దానికి మూల ట్యూన్ యజమాని ఒప్పుకోలు కావాలి. మరి అయ్యగారు తీసిన కూనిరాగం ఎంతవరకు ట్యూన్? కుర్రాడు చేసింది ఎక్కడి నుంచి కూర్పు? పల్లవి ఆయనది, చరణం వీడిది అయితే? నేను చూసిన తగాదాల్లో సగం ఈ గీత మీదే నడిచాయి. మూడేళ్ల కిందటి సాయంత్రం ఎవరు ముందు ఏ స్వరం పలికారో రుజువు చేసే సాక్షి దొరకడు. ఫోన్లో ఆ రోజు రికార్డు చేసుకున్న వాయిస్ నోట్ ఉంటే అదే గతి. అందుకే అనుభవమున్న ట్యూన్ రాయుళ్లు మొదటి రోజే ఫోన్ ఆన్ చేసి పక్కన పెడతారు, సిగ్గుపడరు.

కుర్రాడు సంఘంలో జీతానికి పనిచేసే ఉద్యోగి కాకపోతే, రాసివ్వకపోతే, వాడు కట్టిన ట్యూన్ వాడిదే. హక్కు ఇంకొకరికి బదిలీ కావాలంటే కాగితం మీద సంతకం ఉండాలని 19వ సెక్షన్ చెబుతుంది. నోటిమాటతో కాదు, కవరుతో కాదు, ‘మనం మనం ఒకటే కదా’తో అసలే కాదు. ఆ కాగితంలో గడువు రాయకపోతే 5 ఏళ్లకే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టమే అనుకుంటుంది. 2012లో ఇంకో గట్టి మాట చేర్చారు. రాసినవాళ్లు, ట్యూన్ కట్టినవాళ్లు తమ హక్కులు అమ్మేసినా, పాట వాడకం మీద వచ్చే రాయల్టీలో సమాన వాటా వదులుకోవడం కుదరదు, వారసులకో కాపీరైట్ సొసైటీకో ఇస్తే తప్ప. ‘సర్వహక్కులూ ఇచ్చేశాను’ అని సంతకం పెట్టినా ఆ వాటా విషయంలో ఆ సంతకం చెల్లదు. ఈ సవరణ కోసం కొట్లాడింది సినిమా కవులు, సంగీత దర్శకులు. ఫలం మన సెల్లార్ సెమీ క్రిస్మస్ దాకా వచ్చింది, మనవాళ్లలో చాలామందికి తెలీదంతే. రాయల్టీలు వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీ, 1969 నుంచి ఉన్న ఐపీఆర్‌ఎస్‌లో రచయితగానో స్వరకర్తగానో సభ్యత్వం తీసుకోవచ్చు. అది సినిమా వాళ్ల సంఘమని అనుకుని ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

ఇక్కడ సంఘాల వైపు నుంచి ఒక భయం వినపడుతుంది. ‘హక్కులంటూ మొదలుపెడితే రేపు ఆదివారం ఆరాధనలో పాట పాడటానికి కూడా డబ్బు కట్టాలా?’ అక్కర్లేదు. నిజమైన మతపరమైన కార్యక్రమంలో పాడుకోవడం ఉల్లంఘన కాదని 52వ సెక్షన్ స్పష్టంగా మినహాయించింది. పెళ్లి ఊరేగింపు, పెళ్లి వేడుకలు కూడా అందులో ఉన్నాయి. అయితే ఆరాధనలో పాడటం వేరు, అదే ఆరాధనను నాలుగు కెమెరాలతో తీసి ఛానెల్లో పెట్టడం వేరు. రెండో దానికి కూడా ఈ గొడుగు సరిపోతుందని ధీమాగా ఉండటం మంచిది కాదు. టికెట్టు పెట్టి చేసే మ్యూజికల్ నైట్ సంగతి చెప్పనక్కర్లేదు. ఇక ‘కవర్ సాంగ్’ పేరుతో వేరేవాళ్ల పాటను కొత్తగా పాడి పెట్టేవాళ్లు, కింద ‘హక్కులు మూల రచయితవే’ అని రాస్తే సరిపోతుందనుకుంటారు. అది మర్యాద, అనుమతి కాదు. అసలు కర్తను అడగకుండా చట్టబద్ధంగా కవర్ చేయడానికి ఒక దారి ఉంది గానీ, పాట మొదట రికార్డయిన సంవత్సరం ముగిశాక 5 ఏళ్లు ఆగాలి, ముందే రాయల్టీ కట్టాలి. ఒక మెసేజ్ పెట్టి అనుమతి అడగడం దానికంటే వెయ్యి రెట్లు సులువు. మనవాళ్లలో ఎక్కువమంది ఇచ్చేస్తారు కూడా.

కోటి వ్యూస్ లెక్క

2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైపోయింది, సీడీ షాపు మూతపడింది, ప్రతి సంఘానికీ ఒక ఛానెల్ పుట్టింది. దీనితో గాయకులు బాగుపడ్డారని అందరూ అనుకుంటారు. కొందరు బాగుపడ్డారు కూడా. కానీ లెక్క వేసి చూడాలి.

యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే ముందు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. పెద్ద వీడియో మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం ఛానెల్‌ది, షార్ట్స్ కైతే 45 శాతం. ఇప్పుడు లెక్క చూపడానికి నేనే కొన్ని అంకెలు వేస్తాను, ఇవి ఎవరి రేట్లూ కావు. ట్రాక్ ప్రోగ్రామింగ్‌కు 20,000, ఫ్లూట్, తబలా లైవ్‌కు 10,000, మిక్సింగ్‌కు 10,000, సూర్యలంక బీచిలో తీసిన వీడియోకు 40,000. మొత్తం 80,000. వెయ్యి వ్యూస్‌కు 30 రూపాయలు వస్తాయనుకుంటే, పెట్టిన డబ్బు తిరిగి రావడానికి దాదాపు 27 లక్షల వ్యూస్ కావాలి. అప్పటికి గాయకురాలికి, ట్యూన్ కట్టినవాడికి ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదన్నమాట. ఆ డబ్బు పడేది ఛానెల్ యజమానికి. పాట ఎవరు పాడారో యూట్యూబ్‌కు పట్టదు, ఛానెల్ ఎవరి పేరున ఉందో అదే దానికి ముఖ్యం. అందువల్ల ‘నా పాటకు కోటి వ్యూస్’ అని ఒక గాయని చెబుతుంటే, ఆ కోటిలో ఆమెకు దక్కింది పేరు ఒక్కటే కావచ్చు. ఆ పేరు వల్ల సభలకు పిలుపులు వస్తాయి. పిలుపుల్లో మళ్లీ కవర్లు.

ఇంకో చిక్కు, పాత కీర్తనలది. చౌదరి కీర్తనను మీరు కొత్తగా, సొంత ట్రాక్‌తో పాడి పెట్టారు. రెండు రోజుల్లో ఎవరిదో సంస్థ తరఫున, పాటల్ని పోల్చి చూసే యూట్యూబ్ యంత్రం నుంచి ‘కంటెంట్ ఐడీ’ క్లెయిమ్ వచ్చి కూర్చోవచ్చు, ఎందుకంటే అదే కీర్తనను వాళ్లూ రికార్డు చేసి సిస్టంలో ఎక్కించారు, యంత్రానికి ట్యూన్ ఒకేలా వినపడింది. భయపడి పాట తీసేసేవాళ్లున్నారు. తీయనక్కర్లేదు. మూల కీర్తన ఎవరి సొత్తూ కాదని డిస్ప్యూట్ పెడితే, అవతలివాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే క్లెయిమ్ పోతుంది. వాళ్ల రికార్డింగ్ ముక్కను మీరు నిజంగా వాడి ఉంటే మాత్రం అది వేరే సంగతి.

కాబట్టి బతుకు నడిచేది యూట్యూబ్ మీద కాదు, క్యాలెండరు మీద. డిసెంబరు సెమీ క్రిస్మస్‌లు. జనవరి ఆఖరున నాగార్జున యూనివర్సిటీ ఎదురుగా బైబిల్ మిషన్ మహాసభలు. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల మాత ఉత్సవాలు, అది కథోలికుల పండగ, అక్కడి పాట తీరే వేరు. ఆ తర్వాత హోసన్నా సంఘం వాళ్ల గుడారాల పండుగ, ఏటా కొత్త పాటలు. ఈస్టరుకు ముందొచ్చే శ్రమకాలం కూడికలు, వేసవిలో పిల్లలకు వీబీఎస్, అంటే సెలవుల బైబిల్ బడి. వానలు మొదలయ్యాక పందిళ్లు లేవు, పిలుపులు లేవు. మధ్యలో పెళ్లిళ్లు, గృహప్రతిష్ఠలు, జ్ఞాపకార్థ కూడికలు. పెద్ద సభల్లో వేదిక ఎక్కేది ఆ సంఘం సొంత బృందమే. బయట తిరిగే కళాకారులకు అన్నం పెట్టేది చిన్న కూడికలే. అందుకే నాకు తెలిసినవాళ్లలో ఎక్కువమంది ఇంకో పని కూడా చేస్తారు. స్కూల్లో మ్యూజిక్ టీచరు, సాయంత్రాలు కీబోర్డు క్లాసులు, రిసెప్షన్లలో ఆర్కెస్ట్రా. ఆర్కెస్ట్రాలో సినిమా పాట వాయించిన సంగతి సంఘంలో తెలిస్తే అది ఇంకో టెన్షన్.

ఆడపిల్లలకు ఇది ఇంకా బిగువు. రాత్రి పదకొండింటికి నరసరావుపేట సభ అయితే తోడు తమ్ముడో నాన్నో రావాలి. ఆ రెండో మనిషి బస్సు చార్జీ ఏ కవరులోనూ ఉండదు. పెళ్లయ్యాక అత్తింటివాళ్లది వేరే సంఘమైతే, చాలామంది గొంతు అక్కడితో ఆగిపోతుంది. భర్త పాస్టరైతే పాట ఆగదు గానీ, ఛానెల్ ఆయన పేరు మీదికి మారుతుంది. దీన్ని ఎవరూ అన్యాయమని పిలవరు, ఏర్పాటు అంటారు.

ఫ్లెక్సీ మీద పేరు గురించి కూడా ఒక మాట. ఇక్కడ ఫ్లెక్సీ మీద ఒక పేరు, కులం సర్టిఫికెట్‌లో ఒక పేరు ఉండటం ఎవరికీ వింత కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవంలోకి వెళ్లిన దళితులు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు, రిజర్వేషన్ 1 శాతం. క్రైస్తవం తీసుకుని పాస్టరుగా ఉన్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు మంచిచెడ్డలు వేరే వ్యాసం. కానీ మన గాయకుడికి దాని అర్థం ఒకటే. ఛానెల్లో కళ్లు మూసుకుని పాడిన పాట, మధ్యలో చెప్పిన సాక్ష్యం, ఏదో ఒక రోజు ఎవరి ఫైలులోనో కాగితంగా తేలొచ్చు. ఉద్యోగం కోసం చదువుకుంటున్న పిల్లలు ముఖం కనపడకుండా లిరికల్ వీడియోలే పెట్టుకోవడానికి కెమెరా లేకపోవడం ఒక్కటే కారణం కాదు.

ఫీజు అన్న మాట

అమెరికాలో ఉన్న మనవాళ్లు పంపే డబ్బు దగ్గర ఈ కవరు సంస్కృతి అడ్డం తిరుగుతుంది. అక్కడి తెలుగు సంఘం వాళ్లు ఒక పాట చేయించుకున్నారు, ‘బ్రదర్, ఇది కానుక’ అని డబ్బు పంపారు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 ఇక్కడ అడ్డం వస్తుంది. పంపినవాడు ఇంకా భారత పౌరుడై, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాడైతే, పుట్టింది తెనాలిలోనే అయినా, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు జేబులోనే ఉన్నా, విదేశీ మూలమే. రిజిస్ట్రేషన్ లేకుండా మతపరమైన పనికి అలాంటి విరాళం తీసుకోవడం ఇబ్బంది. కానీ అదే డబ్బు చేసిన పనికి రుసుముగా, వృత్తి వ్యాపారంలో భాగంగా, బిల్లు మీద వస్తే ఆ చట్టం దాన్ని విరాళంగా లెక్కించదు, పన్ను కట్టుకుంటే చాలు. చూశారా విడ్డూరం? సంఘంలో నోరెత్తి పలకలేని ‘ఫీజు’ అన్న మాటే ఇక్కడ కుర్రాణ్ని కాపాడుతుంది. కానుక అన్న తియ్యటి మాట ఇరికిస్తుంది.

వాక్యం, అంటే బైబిలు, ఏమంటుందని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, అడగాలి కూడా. ‘ఉచితముగా పొందితిరి, ఉచితముగా ఇయ్యుడి’ అన్న మాట మత్తయి పదో అధ్యాయంలో ఉంది, కవరు ఇచ్చేవాళ్లందరికీ కంఠస్థం. రెండు వచనాలు ముందుకు జరిగితే పనివాడు తన ఆహారానికి పాత్రుడన్న మాట ఉంటుంది, అది అంత తరచుగా వినపడదు. సువార్త ప్రకటించేవాళ్లు సువార్త వల్లనే జీవించాలని పౌలు కొరింథీయులకు రాశాడు. నాకు అన్నిటికంటే సూటిగా తగిలేది నెహెమ్యా పదమూడో అధ్యాయం. యెరూషలేము అధికారి నెహెమ్యా కొన్నాళ్లు ఊళ్లో లేడు. తిరిగొచ్చి చూస్తే ఆలయంలో పాడేవాళ్లు లేరు. ఆలయ సేవ చేసే లేవీయులకు, గాయకులకు రావలసిన భాగాలు ఇవ్వకపోవడంతో ఎవరి పొలానికి వాళ్లు వెళ్లిపోయారు. నెహెమ్యా ఆ గాయకులను తిట్టలేదు. ‘దేవుని మందిరం ఎందుకు ఇలా విడిచిపెట్టబడింది’ అని అధికారుల మీద విరుచుకుపడ్డాడు.

ఇక్కడ సంఘం పెద్దల మాట కూడా కొట్టేయలేను. చిన్న సంఘంలో ఆదివారం కానుకలు అద్దెకు, కరెంటు బిల్లుకు సరిపోతే గొప్ప. సౌండ్ వాడికి, షామియానా వాడికి, భోజనాల వాడికి రేటు మాట్లాడి ఇస్తారు, ఎందుకంటే వాళ్లు వినరు. మిగిలేది పాటవాడి దగ్గరే. ఉన్న కాస్తలో ఎవరికి కోత పెట్టాలన్న నిర్ణయం ప్రతిసారీ ఒకే మనిషి మీద పడుతోంది, ఎందుకంటే వాడు మనవాడు. డబ్బు తక్కువన్నది నిజమైన ఇబ్బంది. ఆ సంగతి ముందే చెబితే అడ్డేముంది? ‘మా దగ్గర ఇంతే ఉంది, వస్తావా’ అంటే చాలామంది వస్తారు. ఏమీ లేకపోయినా వచ్చే ఇళ్లు ప్రతివాడికీ కొన్ని ఉంటాయి.

మొదట చెప్పిన కుర్రాడు కిందటి డిసెంబరు నుంచి పద్ధతి మార్చాడు. పిలుపు రాగానే వాట్సాప్‌లో నాలుగు లైన్లు పంపుతాడు. ప్రయాణం, సౌండ్ చెక్, వాయించే గంటలు కలిపి ఇంత. ట్యూన్ కొత్తదైతే ఇద్దరి పేర్లూ వేయాలి. వీడియో ఛానెల్లో పెడితే ముందు చెప్పాలి. చివర వందనాలు. మొదట్లో వేళ్లు వణికాయన్నాడు. కొందరు అయ్యగార్లు వెంటనే సరే అన్నారు, ఒకాయన అడిగినదానికంటే అయిదు వందలు ఎక్కువే ఇచ్చారు. ఎక్కువమంది నుంచి మాత్రం ఒకటే జవాబు: ‘ప్రార్థన చేసి చెప్తాం బ్రదర్.’ ఆ ప్రార్థనకు జవాబు ఇంతవరకు రాలేదు. 23వ తారీఖు సాయంత్రం ఖాళీ పడిందని లక్ష్మీపురంలో ఒక రిసెప్షన్ ఒప్పుకున్నాడు. అడ్వాన్సు ఫోన్‌పేలో ముందే పడింది.